వేసవిలో మూడు రోజుల కారు ట్రిప్: అరకు, మారేడుమిల్లి, హార్స్‌లీ హిల్స్‌లో మీకేది సరిపోతుంది?

పిల్లల పరీక్షలు అయిపోయి, మామిడిపండ్లు మార్కెట్లోకి దిగేసరికి ప్రతి ఇంట్లో ఒకటే చర్చ: ఈసారి ఎక్కడికి? ముందుగా ఊటీ, కొడైకెనాల్ పేర్లే వస్తాయి. కానీ ఆ రెండు చోట్లా ఎండాకాలం రద్దీ ఎంత పెరిగిందంటే, 2024 మే నుంచి అక్కడికి వెళ్లే బండ్లకు ఈ-పాస్ పెట్టాల్సి వచ్చింది. చల్లగాలి కోసం అంత దూరం వెళ్లి ఘాట్ మీద ట్రాఫిక్‌లో కూర్చోవడం దేనికి? పెద్ద ఊళ్ల రొద తగలకుండా మూడు రోజుల్లో హాయిగా వెళ్లి రాగలిగే దారులు మన దగ్గరే ఉన్నాయి. కాకపోతే అన్నీ ఎండాకాలానికి పనికిరావు. పనికొచ్చేవి కూడా అందరికీ ఒకేలా పనికిరావు.

వేసవి ట్రిప్ విషయంలో నేను ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఎక్కడ ఉంటాం? ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి ఏ ఊరైనా అందంగానే ఉంటుంది. మనం ఫోన్లలో చూసే ఫొటోలన్నీ ఆ వేళల్లో తీసినవే. ట్రిప్ బాగుండేదీ, పాడయ్యేదీ మధ్యలో ఉన్న ఆ నాలుగు గంటల్లోనే. అప్పుడు మన నెత్తి మీద నీడ ఉండాలి, లేదా మనం ఎత్తులో ఉండాలి, లేదా కాళ్ల కింద నీళ్లు ఉండాలి. మూడింటిలో కనీసం ఒకటి లేని చోటుకి మే నెలలో పిల్లల్ని, పెద్దవాళ్లని తీసుకెళ్లొద్దు.

ఎత్తు సంగతి లెక్కలో చూస్తే, వెయ్యి మీటర్లు పైకి వెళ్లేసరికి సగటున ఆరు డిగ్రీల వేడి తగ్గుతుంది. హార్స్‌లీ హిల్స్ ఎత్తు సుమారు 1,265 మీటర్లు. అరకు లోయ 900 మీటర్ల పైన ఉంటుంది, లంబసింగి దాదాపు వెయ్యి. మారేడుమిల్లి వీటికంటే చాలా కింద ఉంటుంది. దాని బలం ఎత్తు కాదు, అడవి. ఈ తేడా మనసులో పెట్టుకుంటే ఎంపిక సగం అయిపోయినట్టే.

ముందు పక్కన పెట్టాల్సినవి

గండికోట గొప్ప చోటు. పెన్నా నది కోసిన ఆ లోయ అంచున నిలబడితే మాట రాదు. కానీ అక్కడున్నదంతా బండే. తొమ్మిది గంటలకే ఆ రాయి వేడెక్కడం మొదలవుతుంది, పన్నెండింటికి తల దాచుకునే చెట్టు కోసం వెతుక్కోవాలి. దాన్ని నవంబరు, డిసెంబరు నెలలకు దాచుకోండి.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం దారి కూడా అంతే. మన్ననూరు దాటాక నల్లమల మధ్యలోంచి సాగే ఆ రోడ్డంటే నాకు ప్రాణం. అయితే అది ఆకు రాల్చే అడవి. ఏప్రిల్ వచ్చేసరికి మోడు చెట్లు, ఎండుటాకులు, కార్చిచ్చు భయం. మల్లెల తీర్థం జలపాతంలో ధార సన్నబడిపోతుంది. పైగా పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేట్లు వేసేస్తారు. ఎండ తప్పించుకుందామని రాత్రి ప్రయాణం పెట్టుకోవడానికీ వీల్లేదు. స్వామి దర్శనం కోసమైతే ఎప్పుడైనా వెళ్లండి. అడవి చూడాలంటే మాత్రం ఆగస్టు దాకా ఆగండి. వికారాబాద్ అనంతగిరికీ ఇదే మాట.

కోనసీమ గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది కొబ్బరి తోటల నీడ, కాలువ గట్లు, పడవలు అని ఊహించుకుని వేసవిలోనే బయల్దేరతారు. గోదావరి డెల్టా కాలువలకు ఏటా రబీ పంట అయ్యాక మరమ్మతుల కోసం నీళ్లు కట్టేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో వెళితే ఆ కాలువల్లో అడుగు కనిపిస్తుంది, కోతలైపోయిన చేలు ఖాళీగా ఉంటాయి. దానికి తోడు సముద్రపు గాలిలోని తేమ. నీడలో కూర్చున్నా చొక్కా తడిసిపోయే ఉక్కపోత. పూతరేకుల కోసం ఆత్రేయపురం దాకా వెళ్లి రావడం వేరు, అక్కడ మూడు రోజులు తిరగడం వేరు. కోనసీమను సంక్రాంతికి చూడాలి.

ఇక మిగిలినవి మూడు.

అరకు, పాడేరు, లంబసింగి: ఒక చుట్టు చుట్టి రండి

మూడింటిలో నా మొదటి ఓటు దీనికే. అయితే అందరూ చేసేలా విశాఖ నుంచి అరకు వెళ్లి, రెండు రోజులుండి, అదే దారిన వెనక్కి రావడం కాదు. శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా ఎక్కి అరకులో ఒక రాత్రి. అక్కడి నుంచి డుంబ్రిగుడ, హుకుంపేట, పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి మీదుగా లంబసింగిలో ఇంకో రాత్రి. మూడో రోజు నర్సీపట్నం వైపు దిగి విశాఖ. మొత్తం మీద 350 కిలోమీటర్ల చుట్టు. ఒకే ఘాట్‌ని రెండుసార్లు చూసే పని లేదు, పైగా అరకు దాటాక జనం బాగా పల్చబడతారు.

విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్లే. అందుకే చాలామంది టిఫిన్ చేసి తీరిగ్గా తొమ్మిదింటికి బయల్దేరతారు, మైదానంలో ఎండంతా నెత్తినేసుకుని పన్నెండింటికి ఘాట్ ఎక్కుతారు. ఐదున్నరకే కదలండి. శృంగవరపుకోటలో టిఫిన్, ట్యాంకు నిండా పెట్రోలు. అనంతగిరి మలుపులు చల్లటి వేళలో అయిపోతాయి. పదకొండు గంటలకల్లా బొర్రా గుహల దగ్గర ఉండేలా చూసుకోండి. బయట ఎండ మండిపోయే వేళకి మనం కొండ కడుపులో ఉంటాం. సున్నపురాయి ఊరి ఊరి కట్టిన స్తంభాలు, పైనుంచి టప్‌మని పడే నీటి చుక్కలు చూస్తుంటే గంటన్నర ఇట్టే గడిచిపోతుంది. లోపల మెట్లు ఎక్కువ, కొన్నిచోట్ల తడిగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని మొదటి పెద్ద గది దాకా తీసుకెళ్లి, అక్కడే కాసేపు కూర్చోబెడితే చాలు.

బొర్రా నుంచి అరకు వెళ్లే దారిలో సుంకరమెట్ట దగ్గర కాఫీ తోటలో ఆగండి. ఇది ఊరికే ఫొటో దిగి పోయే చోటు కాదు, ఒక గంట పెట్టుకోండి. సిల్వర్ ఓక్ చెట్లు నిట్టనిలువుగా ఉంటాయి, వాటి మొదళ్ల నుంచి మిరియాల తీగలు పైదాకా అల్లుకుని ఉంటాయి, వాటి కింద భుజమెత్తు కాఫీ మొక్కలు. ఎండ పైన ఆకుల దగ్గరే ఆగిపోయి, నేల మీద చుక్కలు చుక్కలుగా మాత్రమే పడుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక మంచి జల్లు పడిందంటే తర్వాత కొన్ని రోజులకు కాఫీ పూస్తుంది. కొమ్మ పొడవునా తెల్లటి గుత్తులు, మల్లెను గుర్తుకు తెచ్చే వాసన. ఆ పూత రెండు మూడు రోజులే నిలుస్తుంది, కాబట్టి దొరికితే అదృష్టమే. ఈ కొండల్లో ఆదివాసీ రైతులు పండించే అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొడి కొనదలిస్తే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి. తేనె, పసుపు, చింతపండు కూడా అక్కడే దొరుకుతాయి.

రెండో రోజు ఉదయం చాపరాయి. పల్చటి రాతి పలక మీద ఏరు జారుతూ పోయే చోటు. వేసవిలో నీళ్లు తక్కువగా ఉంటాయి గనుక పిల్లలు కాళ్లు తడుపుకోవడానికి బాగుంటుంది. అయినా నాచు పట్టిన చోట కాలు పెడితే జారి ఎక్కడిదాకా పోతారో చెప్పలేం. పిల్లల చెయ్యి వదలొద్దు. అక్కడి నుంచి పాడేరు దారిలో మీ అదృష్టం బాగుంటే వారపు సంత తగులుతుంది. ఏ రోజు ఏ ఊళ్లో సంతో ముందురోజు రాత్రి బస చేసిన చోట అడగండి. పనసకాయలు, చింతపండు బుట్టలు, అడ్డాకుల కట్టలు, పచ్చి పసుపు కొమ్ములు. బేరం ఆడేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి: ఆ బుట్ట నెత్తిన పెట్టుకుని కొండ దిగి నడిచి వచ్చినవాళ్లు వాళ్లు. పది రూపాయల దగ్గర గీసి గీసి బేరం చేయడం మనకు అంత అవసరం కాదు. ఫొటో తీసే ముందు అడగండి, వద్దంటే మానేయండి.

చైత్రమాసంలో వెళ్లేవాళ్లకి ఇంకో సంగతి తెలియాలి. అప్పుడు ఏజెన్సీ ఊళ్లల్లో ఇటుకల పండుగ జరుగుతుంది. ఆడవాళ్లు గుంపుగా రోడ్డు మీదికి వచ్చి, దారికి అడ్డంగా కర్ర పెట్టి, పాటలు పాడుతూ బండ్లు ఆపి పండుగ డబ్బులు అడుగుతారు. తెలియనివాళ్లు టెన్షన్ పడి అద్దాలు ఎక్కించేసుకుంటారు. అక్కర్లేదు. అది వాళ్ల పండుగ, మనం వాళ్ల ఊరి దారిలో పోతున్నాం. పది, ఇరవై రూపాయల నోట్లు డాష్‌బోర్డు మీద పెట్టుకోండి. అద్దం దించి, ఇచ్చి, రెండు మాటలు మాట్లాడి, కర్ర ఎత్తాక కదలండి. మే నెలలో పాడేరులో మోదకొండమ్మ జాతర మూడు రోజులు జరుగుతుంది. జాతర చూడాలనుకుంటే అంతకంటే మంచి సమయం లేదు. చూడాలని లేకపోతే ఆ తేదీలు తప్పించండి, గదులూ దొరకవు, రోడ్డూ ఖాళీ ఉండదు.

జి.మాడుగుల దాటాక కొత్తపల్లి జలపాతం వస్తుంది. తర్వాత చింతపల్లి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దాడి చేసిన మొదటి పోలీస్ స్టేషన్ ఈ ఊరిదే. మూడో రోజు నర్సీపట్నం దిగాక ఓపిక ఉంటే కృష్ణదేవిపేట వెళ్లి ఆయన సమాధి చూసి రావచ్చు. మే 7 ఆయన వర్ధంతి. పిల్లలకు పాఠంలో చదివిన పేర్లు రోడ్డు పక్క బోర్డుల మీద కనిపించడం ఈ దారిలో ఉన్న పెద్ద లాభం.

ఇక దొరకనివి కూడా చెప్పాలి. వంజంగి మేఘాల సముద్రం, లంబసింగి పొగమంచు, పసుపు పచ్చటి వలిసె పూలు, ఇవన్నీ చలికాలపు సంగతులు. మే నెలలో వాటికోసం వెళితే నిరాశే. పగలు అరకులో కూడా ఎండ బాగానే ఉంటుంది. తేడా తెలిసేది రాత్రి: ఫ్యాను తిరిగితే చాలు, తెల్లవారుజామున దుప్పటి వెతుక్కుంటాం. రోడ్డు విషయానికొస్తే, అరకు నుంచి చింతపల్లి దాకా మనం వెళ్లేది 516-ఈ జాతీయ రహదారి. విస్తరణ పనులు జరుగుతున్న చోట దుమ్ము, వాన పడితే బురద. బయల్దేరే ముందురోజు పాడేరు వైపు నుంచి వచ్చిన డ్రైవర్ని ఎవరినైనా అడిగితే సరైన కబురు తెలుస్తుంది.

మారేడుమిల్లి: తక్కువ డ్రైవింగ్, ఎక్కువ అడవి

రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి 85 కిలోమీటర్లు. ఉదయం కదిలితే ఎండెక్కే లోపు చేరిపోతాం. ఒకే చోట రెండు రాత్రులు ఉండి, చుట్టుపక్కల మాత్రమే తిరిగే ట్రిప్ ఇది. రోజూ సామాన్లు సర్దే పని లేదు. చిన్న పిల్లలున్నవాళ్లకు ఈ ఒక్క సుఖం ఎంత పెద్దదో వాళ్లకే తెలుసు.

ఇక్కడ రాత్రులు అరకులాగా చల్లబడవు. అది ముందే తెలుసుకుని వెళ్లాలి, లేకపోతే ‘హిల్ స్టేషన్ అన్నారు, చెమట పడుతోందేంటి’ అనిపిస్తుంది. కానీ నల్లమలలా ఇది ఎండాకాలంలో పూర్తిగా మోడువారే అడవి కాదు. రోడ్డుకి రెండు వైపులా పైన కలిసిపోయిన చెట్లు, వెదురు పొదలు, వాటి మధ్య వాగులు. మధ్యాహ్నం చేయాల్సింది ఒకటే: నీడన ఉన్న వాగులో కాళ్లు పెట్టుకుని కూర్చోవడం. జలతరంగిణి జలపాతం రోడ్డుకి దగ్గర్లోనే ఉంటుంది, పెద్దవాళ్లు కూడా వెళ్లగలరు. అమృతధార జలపాతానికి కొంచెం నడవాలి. మే చివరికి రెండు చోట్లా ధార పలచబడుతుంది కాబట్టి నీళ్ల కోసమే వెళ్లేవాళ్లు ఏప్రిల్‌లో వెళ్లడం మేలు. గుడిస కొండ పచ్చిక మాత్రం ఈ కాలంలో పచ్చగా ఉండదు, ఎండిపోయి గోధుమ రంగులో ఉంటుంది. దానికోసం జీపు మాట్లాడుకుని అంత పైకి వెళ్లడం వేసవిలో దండగ.

బొంగులో చికెన్ కోసమే ఇక్కడికి వచ్చేవాళ్లున్నారు, తప్పు లేదు. పచ్చి వెదురు బొంగులో కారం, ఉప్పు, పసుపు, మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతికి ఆకులు బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వేయరు. వెదురులోని తడికే ముక్క ఉడుకుతుంది. తొందర పెడితే లోపల పచ్చిగా ఉంటుంది, కాబట్టి భోజనానికి గంట ముందే చెప్పి పెట్టుకోండి. బొంగు మీ ముందే నిప్పుల మీద పెట్టించుకోండి, ముందే కాల్చి పెట్టింది మళ్లీ వేడి చేస్తే ఆ రుచి రాదు.

బస విషయంలో నా సలహా, అటవీశాఖ సాయంతో స్థానిక ఆదివాసీలు నడిపే కమ్యూనిటీ ఎకో టూరిజం గదులు, గుడారాల్ని ముందు చూడండి. హంగులు తక్కువ ఉండొచ్చు. కానీ మనం ఇచ్చే డబ్బు ఆ ఊళ్లోనే ఉంటుంది, వాళ్లకి తెలిసినట్టు ఆ అడవి ఇంకెవరికీ తెలియదు. మలేరియా ఈ ప్రాంతంలో పాత సమస్య. అరకు వైపు కూడా అంతే. సాయంత్రం పూట పిల్లలకు పొడుగు చేతుల బట్టలు, దోమల మందు తప్పనిసరి. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, ఖర్చులకు నగదు దగ్గర ఉంచుకోండి.

హార్స్‌లీ హిల్స్: పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు

1870 ప్రాంతంలో కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యూ.డి. హార్స్‌లీ, కిందున్న ఎండ భరించలేక ఈ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. అంతకుముందు దీని పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఆయన లెక్క ఇప్పటికీ సరిగ్గానే పనిచేస్తోంది. మూడింటిలో పగటిపూట నిజంగా చల్లగా ఉండేది ఇదే. కడపలో, తిరుపతిలో 42 డిగ్రీలు మాడుస్తున్న రోజున కూడా ఇక్కడ గాలిబండలనే వ్యూపాయింట్ దగ్గర నిలబడితే చున్నీ, పైపంచె ఆగవు.

తిరుపతి నుంచి భాకరాపేట ఘాట్, పీలేరు, మదనపల్లె మీదుగా 150 కిలోమీటర్లు. దారిలో భాకరాపేట నుంచి పక్కకు తిరిగితే తలకోన. 270 అడుగుల జలపాతం, వేసవిలో ధార సన్నగా ఉన్నా దాని చుట్టూ ఉన్న అడవి నీడ బాగుంటుంది. మొదటిరోజు మధ్యాహ్నం అక్కడ గడిపి సాయంత్రానికి కొండెక్కితే సరిపోతుంది. భాకరాపేట ఘాట్‌లో మలుపులు మోసం చేస్తాయి, చీకటి పడ్డాక వద్దు.

కొండ మీద చూడాల్సినవి నిజానికి సగం రోజు పని. వ్యూపాయింట్లు, చిన్న చెరువు, యూకలిప్టస్ తోపులు, అంతే. అదే దీని గుణం. అమ్మమ్మ, తాతయ్యలతో వెళ్లి, వరండాలో కుర్చీలు వేసుకుని మాట్లాడుకుంటూ రోజంతా గడపగలిగేవాళ్లకు ఇంతకంటే మంచి చోటు లేదు. పదిహేనేళ్ల పిల్లలు మాత్రం రెండో రోజు మధ్యాహ్నానికి విసుక్కుంటారు. వాళ్లకోసం తిరుగు ప్రయాణంలో గుర్రంకొండ కోట పెట్టుకోండి. కోటలో రంగిన్ మహల్ చూసి, ఎండ ఎక్కక ముందే దిగిపోవాలి. లేదంటే కదిరి వైపు వెళ్లి తిమ్మమ్మ మర్రిమాను చూడండి. దాదాపు ఐదెకరాల్లో ఊడలు దించిన ఒకే చెట్టు, 1989లో గిన్నిస్ బుక్‌లోకెక్కింది. మిట్టమధ్యాహ్నం అయినా ఆ చెట్టు కింద వేరే ఋతువే. ఉదయాన్నే మదనపల్లె మీదుగా వెళితే టమాటా మార్కెట్ సందడి కూడా చూడొచ్చు.

లోటు ఏంటంటే కొండ మీద గదులు తక్కువ. బెంగళూరు నుంచి మూడు, నాలుగు గంటల దారి గనుక శని, ఆదివారాల్లో అక్కడివాళ్లతో నిండిపోతుంది. గది ఖాయం కాకుండా ఎక్కొద్దు. కోతులతో జాగ్రత్త, చేతిలో కవరు కనిపిస్తే లాక్కుపోతాయి.

ఎక్కడి నుంచి బయల్దేరుతున్నారు?

ఉత్తరాంధ్ర వాళ్లకు అరకు చుట్టు, గోదావరి జిల్లాల వాళ్లకు మారేడుమిల్లి, రాయలసీమ, నెల్లూరు, బెంగళూరు తెలుగువాళ్లకు హార్స్‌లీ హిల్స్. ఇందులో పెద్దగా ఆలోచించేదేం లేదు. మూడు రోజుల ట్రిప్‌లో ఒక రోజంతా హైవే మీదే పోతే అది ట్రిప్ కాదు.

ఆలోచించాల్సింది హైదరాబాద్, వరంగల్, కరీంనగర్ వాళ్లు. హైదరాబాద్ నుంచి విశాఖ 600 కిలోమీటర్ల పైనే, హార్స్‌లీ హిల్స్ 500 దాటుతుంది. సొంత కారులోనే వెళ్తామంటే మారేడుమిల్లి ఒక్కటే అందుబాటులో ఉంది: భద్రాచలం దాకా 310, అక్కడి నుంచి చింతూరు, ఘాట్ మీదుగా ఇంకో 110. కానీ కొత్తగూడెం, భద్రాచలం తెలంగాణలో బాగా మండే చోట్లు. అందుకని మొదటిరోజు తెల్లవారకముందే బయల్దేరి ఎండ ముదిరేలోపు భద్రాచలం చేరి గదిలో ఉండండి. సాయంత్రం రామయ్య దర్శనం, మర్నాడు తెల్లవారుజామునే చింతూరు వైపు. ఆ ఘాట్ పొద్దున్నే ఎక్కితే వచ్చే ఆనందం వేరు. దీనికి మూడు రోజులు చాలవు, నాలుగు పెట్టుకోండి.

అరకే కావాలనుకునే హైదరాబాద్ వాళ్లకు నా సలహా: సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దున్నే విశాఖలో దిగి, అక్కడ కారు అద్దెకు తీసుకోండి. మారేడుమిల్లి కోసం రాజమండ్రిలో దిగేవాళ్లకైతే గౌతమి ఎక్స్‌ప్రెస్ ఉంది. రాత్రంతా నిద్రపోయినవాడే ఘాట్ రోడ్డు మీద సరిగ్గా డ్రైవ్ చేయగలడు. వీలైతే ఏజెన్సీ రోడ్లు తెలిసిన స్థానిక డ్రైవరుతో బండి మాట్లాడుకోండి. ఖర్చు కాస్త పెరిగినా ఇంట్లో అందరూ కిటికీలోంచి చూడగలుగుతారు.

ఇంట్లో మనుషుల్ని బట్టి చూస్తే, ఐదేళ్లలోపు పిల్లలుంటే మారేడుమిల్లి, డెబ్బై దాటిన పెద్దవాళ్లుంటే హార్స్‌లీ హిల్స్, స్కూలు, కాలేజీ పిల్లలు, స్నేహితుల గుంపు అయితే అరకు చుట్టు. మూడు తరాలూ ఒకే కారులో ఉంటే నేనైతే హార్స్‌లీ హిల్స్ వైపే మొగ్గుతాను. పిల్లలు కాస్త విసుక్కున్నా సర్దుకుంటారు, పెద్దవాళ్లకు వడదెబ్బ తగిలితే సర్దుకోలేం. ఘాట్‌లో వాంతులయ్యేవాళ్లు ఇంట్లో ఉంటే అరకు చుట్టు గురించి రెండోసారి ఆలోచించండి. అందులో ఎక్కే ఘాట్ వేరు, దిగే ఘాట్ వేరు, మధ్యలో పాడేరు మలుపులు. అలాంటివాళ్లని ముందు సీట్లో కూర్చోబెట్టి, ఖాళీ కడుపుతో కాకుండా రెండు ఇడ్లీలు తినిపించి ఎక్కించండి. మాత్ర సంగతి ముందే డాక్టర్ని అడిగి పెట్టుకోండి.

బండి, ఘాట్, వాన

మైదానంలో లీటరుకి పదిహేను ఇచ్చే బండి ఘాట్‌లో, ఏసీతో, పన్నెండుకి దిగుతుంది. ఆ లెక్కన అరకు చుట్టుకి దాదాపు 29 లీటర్లు. కూలెంట్, టైర్ల గాలి, స్టెపినీ ఊరు దాటకముందే చూసుకోండి. ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి అద్దాలు దించండి. ఇంకా పెరిగితే పక్కకు ఆపి బానెట్ ఎత్తి వదిలేయండి. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మొహం కాలుతుంది. దిగేటప్పుడు న్యూట్రల్ అసలు వద్దు. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగితే బ్రేకులు వేడెక్కవు. మలుపు ముందు హారన్, ఎక్కే బండికి దారి. బ్యాటరీ కారు ఉన్నవాళ్లు హార్స్‌లీ హిల్స్ వైపు ధైర్యంగా ఆలోచించవచ్చు. అరకు చుట్టుకి మాత్రం ఛార్జింగ్ ఎక్కడెక్కడ ఉందో తేల్చుకోకుండా కదలొద్దు.

తూర్పు కనుమల్లో ఏప్రిల్, మే నెలల్లో ఒక అలవాటు ఉంది. ఉదయమంతా ఎండ కాసి, మధ్యాహ్నం తర్వాత ఒక్కసారిగా మబ్బు పట్టి, ఉరుములు, పిడుగులతో వాన కొడుతుంది. మట్టి వాసన, చల్లగాలి బాగానే ఉంటాయి కానీ ఆ వేళకి మనం ఘాట్ మీద ఉండకూడదు, చెట్టు కింద అసలే ఉండకూడదు. అరకు, మారేడుమిల్లి రెండింటిలోనూ రోజువారీ ప్రయాణం మధ్యాహ్నం రెండింటికల్లా ముగిసిపోయేలా పెట్టుకోండి.

తేదీల దగ్గరకొస్తే, అరకు, మారేడుమిల్లికి ఏప్రిల్ నెల మంచిది, పరీక్షలు అయిపోయిన వెంటనే. హార్స్‌లీ హిల్స్‌కి మే అయినా ఫర్వాలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మే 25 తర్వాత ఆ రెండు వారాలు కొండ మీద కాదు, కొండ దాకా వెళ్లే దారిలోనే ప్రాణం పోతుంది, అప్పుడు వద్దు. వారంలో శుక్రవారం ఎక్కి ఆదివారం దిగే అలవాటు అందరిదీ. సెలవులు ఎలాగూ ఉన్నాయి కాబట్టి ఆదివారం ఎక్కి మంగళవారం దిగితే గది సులువుగా దొరుకుతుంది, ఘాట్‌లో ఎదురొచ్చే బండ్లూ సగానికి సగం తగ్గుతాయి.